తథాస్తు అన్న గొంతు

జువ్వలదిన్నె అవతలి ఇసుకలో నా పరువు ఎలా పోయిందో చెబుతాను, వినండి. పైనుంచి కింద పడి పోలేదు. చక్కగా పైకి ఎగిరి మరీ పోగొట్టుకున్నాను.

అప్పుడు నాకు ఇరవై నాలుగేళ్ళు. విశాఖలో ఉద్యోగం వచ్చింది. నెల్లూరు దగ్గరి వెంకటాచలంలో మా నాన్న వరి పండించే మనిషి, ఏదైనా కోత దాకా వస్తే గానీ నమ్మడు. నేనేమో ఈత రెండు రోజులు, వీణ రెండు వారాలు, కుట్టుమిషను రెండు నెలలు నేర్చుకుని వదిలేసిన ఘనురాలిని.

"ఒక్క పని చివరిదాకా చేసి చూపించు మే. విశాఖ పంపిస్తా" అన్నాడు.

ఆయన ఏ అల్లికలో అనుకుని ఉంటాడు. నేను పారాగ్లైడింగ్ అన్నాను. నాకు నోరు ముందు, బుద్ధి వెనక.

నేర్పేది మస్తానన్న. సముద్రపు ఒడ్డున కొండ ఎక్కడిది? అందుకని దూరంగా జీపు మీదున్న యంత్రం తాడు చుట్టుకుంటుంటే, ఈ కొసన మనం పరుగెత్తి గాలిపటంలా లేవాలి. హెల్మెట్ లోపల ఇయర్‌ఫోన్లు. ఆయన ఫోన్లో చెప్పినట్టు చెయ్యాలి. మొదటి రెండు రోజులూ నాలుగడుగులు వేసి కూలబడ్డాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు, ఎగరలేక గాలి బాగాలేదన్నాను. మూడో రోజు సాయంత్రమే ఆఖరి అవకాశం. చూడటానికి నాన్న కూడా వచ్చి జీపు దగ్గర కూర్చున్నాడు.

మస్తానన్న నా వెనక ఇసుకలో గొడుగులాంటి గుడ్డ రెక్క పరిచి, తాడు తగిలించాడు. "భయం వస్తే రానీమ్మా. దాంతో మాటలు మాత్రం పెట్టుకోబాక. పరుగెత్తతా, పైకి చూస్తా, ఎగరతా. ఈ మూడే అనుకో" అని చెప్పి జీపు దగ్గరికి వెళ్ళిపోయాడు.

కాసేపటికి చెవిలో, "గాలి పడిపోయినాది. ఉండు, మళ్ళీ చెప్తా" అన్నాడు. ఆ తర్వాత ఏ చప్పుడూ లేకపోయేసరికి ఫోన్ పెట్టేశాడనుకున్నాను.

పొద్దు వాలింది. దూరాన జీపు నల్లటి మచ్చలా ఉంది గానీ మనుషులు కనిపించడం లేదు. ఎర్రపీతలు ఒక్కొక్కటే బొరియల్లోకి దిగిపోయాయి. అలల హోరు వినిపిస్తోంది, అలలు మాత్రం కనబడటం లేదు. వెనక రెక్క ఉండుండి చిన్నగా కదిలింది, నిద్రలో మనిషి ఒత్తిగిలినట్టు. గాలే లేనప్పుడు అదెందుకు కదిలిందో నాకు తెలియదు. తిరిగి చూసే ధైర్యం లేకపోయింది.

సందెవేళ చెడ్డమాట అనకూడదని మా అమ్మ చెప్పేది. తథాస్తు దేవతలు ఆ వేళలోనే ఆకాశంలో తిరుగుతారట, మనమేదంటే దానికి తథాస్తు అంటారట. అది గుర్తొచ్చేలోపే నా నోరు జారింది.

"నా వల్ల కాదు."

"తథాస్తు" అంది చెవిలో ఒక గొంతు.

మెల్లగా, నూతిలోంచి వచ్చినట్టు. అటూ ఇటూ చూశాను. చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు. భ్రమేమోనని పరీక్ష పెట్టాను. బుద్ధున్నవాళ్ళు పెడతారా ఇలాంటి పరీక్ష?

"సముద్రంలో పడతాను."

"తథాస్తు."

"అయ్యయ్యో, పడను స్వామీ, పడను."

దీనికి మాత్రం జవాబు లేదు. మంచిమాటకు పలకని ఆ గొంతంటే ఇంకా భయమేసింది. ఇక పాపాలు ఒప్పుకోవడమే దారి అనిపించింది. గోడలకు చెవులుంటాయంటారు. కనుచూపుమేర గోడే లేదు కదా అని గట్టిగానే మొదలుపెట్టాను.

"స్వామీ, నాన్నతో చెప్పినట్టు స్కూటీకి కుక్క అడ్డం రాలేదు. ఫోన్ చూస్తా పోయి నేనే గోడకు గుద్దినా. కార్తీక సోమవారం ఉపవాసమని చెప్పి హైవే మీద బిర్యానీ తిన్నా. వీణ టీచరమ్మ ఊరొదిలి పోలేదు, నెల్లూరులోనే ఉండాది."

"ఇంకా?" అంది గొంతు, ఈసారి కాస్త బొంగురుగా.

దేవతలు తథాస్తు తప్ప ఇంకో మాట అంటారని అమ్మ ఎప్పుడూ చెప్పలేదు.

"ఇంకేం లేదు స్వామీ. విశాఖ పోయినా మధ్యలో వదిలేసి వచ్చేస్తా. నాన్న అనుకునేదే నిజం. నేను దేనికీ పనికిరాను."

తథాస్తు కోసం కళ్ళు మూసుకుని ఎదురుచూశాను. ఎంతసేపటికీ రాలేదు. ఏడుపొచ్చేసింది.

అంతలో చెంపకు గాలి తగిలింది. "పరుగెత్తు" అంది గొంతు. పరుగెత్తాను. ధైర్యంతో అనుకునేరు, ఆ గొంతు నుంచి పారిపోతున్నాను. చెవిలో ఉన్నదాని నుంచి ఎక్కడికి పారిపోతాను? నేల మాయమైంది. కింద బూడిదరంగు సముద్రం, జీపు. జీపు దగ్గర మస్తానన్న ఫోన్ పట్టుకుని ఉన్నాడు. ఆ ఫోన్ మీదికి వంగి, చెవి ఒగ్గి, మా నాన్న.

అప్పుడు అర్థమైంది, ఫోన్ ఎవరూ పెట్టెయ్యలేదని. కిందికి దిగకుండా అటే శ్రీలంక పోదామనిపించింది గానీ తాడు ఒప్పుకోలేదు.

దిగాక మస్తానన్నను పట్టుకున్నాను. "అట్టా భయపెడతావా అన్నా?"

"నీ నోరు మూయిద్దామనే అన్నా. మా ఇళ్ళల్లో అయితే ఫరిష్తాలు, అదే దేవదూతలు, ఆమీన్ అంటారంటాం. నీకు తెలిసిన మాటైతే తొందరగా పనిచేస్తాదని తథాస్తు అన్నా."

"మరి పాపాలు చెబుతుంటే 'ఇంకా' అని అడగొచ్చా?"

"అది నేను కాదు, మీ నాయన. చివర్లో నేను తథాస్తు అనబోతే నా నోరు మూసింది కూడా ఆయనే."

నాన్న నా వైపు చూడకుండా పంచెకంటిన ఇసుక దులుపుకున్నాడు. "విశాఖ పోదువులే" అన్నాడు. "స్కూటీ మాత్రం ఇక్కడే ఉంటాది."

ఆ ఇసుకలోనే, సముద్రం సాక్షిగా శపథం చేశాను. ఈ జన్మలో ఫోన్ ఆపకుండా దేవుడితో మాట్లాడను.