విడాకుల ఒట్టు, ఒక మాంసం ముక్క

"ఏమయ్యా మిత్వల్లీ, ఇంతకీ నీకు పెళ్ళాం ఉన్నట్టా, లేనట్టా?"

మసీదు షేక్ ఈ ప్రశ్న నడివీధిలో, అరవైమంది ముందు అడిగాడు. అడిగింది బట్టలు ఇస్త్రీ చేసే మిత్వల్లీని.

షుబ్రా పేటలో మా సందు మొగలో రంజాన్ నెలంతా సాయంత్రం ఉచిత భోజనం పెడతాం. చందాలు సందువి, వంట మిత్వల్లీ భార్య ఇన్షిరాహ్‌ది, కేకలు మిత్వల్లీవి. ఇలాంటి చోట్ల దయ పొంగిపొర్లుతుందని ఉపన్యాసాలు దంచుతారు. నేను చూసినంతలో ఎక్కువగా పొంగేది పులుసు.

మిత్వల్లీకి రెండు పట్టింపులు. వచ్చినవాడి పేరడగడు. "పేరడిగి పెట్టేది అన్నం కాదు, పోలీసు విచారణ" అంటాడు. రెండోది, వద్దన్నవాణ్ణి ఒట్టుతో లొంగదీస్తాడు: "నువ్వు తినకపోతే నా పెళ్ళానికి తలాక్!" మా వైపు మగవాళ్ళందరూ ఎప్పుడో ఒకప్పుడు ఈ మాట అన్నవాళ్ళే. మిత్వల్లీ మాత్రం గ్లాసుడు టీకి కూడా అనేవాడు. ఇన్షిరాహ్ ముఖం చూసి అందరూ మింగేవారు. అలా ముప్ఫై ఏళ్ళు నడిచింది ఆ కాపురం.

ఆ రోజు నమాజు అయ్యాక, గ్యాస్ బండలు అమ్మే కొత్తవాడొకడు బండి తోసుకుంటూ వచ్చాడు. మిత్వల్లీ చెయ్యి పట్టుకు లాగి కూర్చోబెట్టి, పళ్ళెంలో మాంసం వేశాడు.

"వద్దన్నా. చిక్కుడుగింజలుంటే రెండు పెట్టు, చాలు."

"నా బల్ల దగ్గర కూర్చుని గింజలా! ఈ ముక్క నీ నోట్లోకి పోకపోతే నా పెళ్ళానికి తలాక్!"

"నేను ఉపవాసమన్నా."

"మేమంతా ఉపవాసమే! అందుకే కదా తినమంటున్నది!"

"మాది వేరన్నా. నా పేరు బఖూమ్. మాకు పెద్ద ఉపవాసం నడుస్తోంది. ఈస్టర్ దాకా మాంసం, పాలు, నెయ్యి ముట్టం."

బల్ల పొడుగునా చెంచాలు ఆగిపోయాయి.

"ఒక్క ముక్క, నాయనా. కొంప నిలబడుతుంది" అన్నాడు చెప్పులు కుట్టే అబ్దుల్ గవ్వాద్.

"సగం ఎముకేలే, మాంసం కింద లెక్క కాదు" అన్నారెవరో.

బఖూమ్ మెత్తని మనిషి. కళ్ళు మూసుకుని ముక్కను పెదవుల దాకా తెచ్చాడు. ఇన్షిరాహ్ గరిటెతో సహా పరుగెత్తుకొచ్చి దాన్ని లాగేసింది.

"ముట్టకు! ఈయన నోటిదూలకి నీ ఉపవాసం ఎందుకు చెడాలయ్యా? ముప్ఫై ఏళ్ళుగా నా కాపురాన్ని ఊళ్ళోవాళ్ళ కడుపుల్లో తాకట్టు పెట్టాడు. ఇవాళ తేలిపోవాలి. షేక్‌గారూ!"

అప్పుడడిగాడు షేక్ ఆ ప్రశ్న. మిత్వల్లీ పళ్ళెం కింద పెట్టాడు. అతను గొంతు తగ్గించి మాట్లాడటం నేను అప్పుడే మొదటిసారి విన్నాను.

"అలా అనుకుని అనలేదండీ."

"ఆవిణ్ణి వదిలేద్దామనుకున్నావా, వీడికి తినిపిద్దామనుకున్నావా?"

"తినిపిద్దామనే! ఆవిడ లేకపోతే నా మేజోళ్ళెక్కడుంటాయో కూడా నాకు తెలీదు."

"అయితే పెళ్ళి చెడలేదు, ఒట్టు చెడింది. దానికి పరిహారంగా పదిమంది పేదలకు భోజనం పెట్టు. చందా డబ్బుతో కాదు, నీ డబ్బుతో."

మిత్వల్లీకి ప్రాణం లేచొచ్చింది. బల్ల వైపు తిరిగి, "పేదవాళ్ళు చెయ్యెత్తండి!" అని కేకేశాడు.

ఉచిత భోజనానికి వచ్చిన అరవైమందిలో ఒక్క చెయ్యీ లేవలేదు.

"నేను దారిన పోతూ ఆగానంతే" అన్నాడు రెండు వారాలుగా రోజూ వస్తున్న అబ్దుల్ గవ్వాద్.

"మా ఇంట్లో వండుకున్నాం. కబుర్లకొచ్చా" అంది పక్కనున్న ముసలమ్మ.

"సరే, మొదటి చెయ్యి నాది" అంది ఇన్షిరాహ్. "ఈయనతో వేగినదానికంటే దిక్కులేనిదెవరు?"

"భార్యకు పెట్టింది లెక్కలోకి రాదమ్మా" అన్నాడు షేక్.

"భార్యనేగా? అందరూ విన్నారుగా!"

బల్లంతా గొల్లుమంది. ఆ నవ్వులో పద్నాలుగు చేతులు లేచాయి. నలుగురిని బతిమాలి దింపించాల్సి వచ్చింది.

మర్నాడు ఇన్షిరాహ్ చిక్కుడుగింజలు, పప్పు వడలు, వంకాయ వేపుడు, అన్నీ నూనెతోనే వండింది. పదకొండోవాడుగా బఖూమ్ వచ్చి, ఎవరూ ఒట్టు పెట్టకుండానే రెండు పళ్ళేలు ఖాళీ చేశాడు. మిత్వల్లీ జేబులో చిల్లిగవ్వ లేదు. ఇన్షిరాహ్ తన చీటీ డబ్బులోంచి అప్పిచ్చింది. రంజాన్ వెళ్ళిపోయింది, ఈస్టరూ వెళ్ళిపోయింది. ఆరువందల పౌండ్లు ఆవిడకు అతను ఇంకా బాకీ.