ఎర్ర లైటు చూసి తిరిగిపోయిన లత

కరోనా తగ్గిన మరుసటి ఏడు, వానలు పడే రోజులు. కోరుట్ల దిక్కున ఒక పోలీస్ ఠాణాలో నేను స్వీపర్‌ని. ఠాణా పేరు చెప్పను. సిరిసిల్లలో సాంచెల మీద బట్ట నేసే మా ఆయన పోయాక పుట్టింటి దిక్కు వచ్చి ఈ పనిలో చేరాను. నాకు సంతకం తప్ప రాయరాదు. నేను చెప్తుంటే మా బిడ్డ రాస్తున్నది.

ఆ ఏడే మా ఠాణాకు బాడీ కెమెరాలు వచ్చాయి. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా ఉంటుంది, చొక్కాకు ఛాతీ మీద తగిలిస్తారు. బొమ్మ తీస్తున్నంతసేపూ ఎర్ర లైటు మెరుస్తుంది. డ్యూటీ దిగాక డాక్‌లో, అంటే చార్జింగ్ పెట్టెలో, పెడితే బొమ్మంతా కంప్యూటర్‌లోకి పోతుంది. ఆ పెట్టె దుమ్ము తుడిచేది నేనే.

కెమెరా చెడ్డదని నేను అనను. నేను చేరిన కొత్తలో, మాట అడిగేలోపే చెంప మీద పడేది. నెత్తురు మరకల బండలు కడిగిన చేతులివి. లైటు వచ్చాక "ఒరేయ్" అన్న నోళ్లే "కూసో అన్నా" అన్నాయి. హెడ్ కానిస్టేబుల్ నర్సయ్య సారు తనను కొట్టాడని ఒక తాగుబోతు పైకి దరఖాస్తు పెట్టాడు. కెమెరా చూస్తే, సారు చెయ్యే లేపలేదు. అది లేకుంటే ఆయన ఉద్యోగం పోయేది. అప్పటి నుంచి దాన్ని వదలడు. పెండ్లాం కంటే దాన్నే భద్రంగా చూస్తున్నవని నేను ఎగతాళి చేసేదాన్ని.

ఒక పొద్దున పక్క ఊరి నుంచి లత వచ్చింది. పాతికేళ్లు ఉంటాయేమో. పెనిమిటి దుబాయిలో. కొంగు మెడ చుట్టూ కప్పుకుంది. లేడీ కానిస్టేబుల్ కోర్టు డ్యూటీ మీద జగిత్యాల పోయింది. నర్సయ్య సారు కూర్చోమని, రూలు ప్రకారం కెమెరా నొక్కాడు. "మా బావ..." అని మొదలుపెట్టిన పిల్ల లైటు చూసి ఆగింది. ఫోను పోయిందని చెప్పడానికి వచ్చానన్నది. ఫోను ఆమె గుప్పిట్లోనే ఉంది.

తిరిగిపోతుంటే బయట నల్లా దగ్గర ఆమెను పట్టుకున్నాను. నన్నే అడిగింది.

"పెద్దమ్మా, గా బొమ్మ దుబాయికి పోతదా?"

"ఎవలు పంపుతరు బిడ్డా?"

"ఎవలో ఒకలు. మా వాడకట్టుల కొట్లాటైతే మేం అన్నం తినకముందే ఆయన ఫోన్ల ఉంటది."

కొంగు జరిపింది. మెడ మీద వేళ్ల గుర్తులు. పెనిమిటి అన్న తాగి వచ్చి మీద పడుతున్నాడు, కాదంటే కొడుతున్నాడు. పెనిమిటికి తెలిస్తే తననే అనుమానిస్తాడని భయం. కేసు వద్దట, పిలిచి ఒక్కమాట గట్టిగా బెదిరిస్తే చాలట.

లోపలికి పోయి, కెమెరా కొంచెంసేపు బందు పెట్టమని సారును బతిమాలాను.

"ఎట్ల వెడుత రాజవ్వా? ఎందుకు బందైందని రేపు నన్నే అడుగుతరు. నేనే ఆ పిల్లనేదో అన్ననంటే, నాకు సాచ్చెం ఎవలు?"

ఆయన చెడ్డవాడు కాదు. ఒకప్పుడు ఇలాంటి మొగోళ్లను చాయ్ హోటల్ కాడికి పిలిచి గదమాయించి పంపినవాడే. కెమెరా దెబ్బలను ఆపింది, ఆ గుట్టు మాటను కూడా ఆపింది. లేడీ కానిస్టేబుల్ సాయంత్రం వస్తుంది, ఉండమన్నాడు. ఇంట్లో అనుమానపడతారని లత ఆటో ఎక్కింది.

బతుకమ్మకు ముందు మళ్లీ వచ్చింది. కుడిచేతికి కట్టు, పక్కన ఎల్లంతకుంట నుంచి వచ్చిన తల్లి. లేడీ కానిస్టేబుల్ మెల్లగా కూర్చోబెడుతుంటే, ముందు కెమెరా పెట్టమని లతే అన్నది.

"పోతే పోనీ మేడం దుబాయికి. గాయన గూడ ఇననీ."

అంతా చెప్పింది. ఒక్కసారి కూడా ఏడవలేదు. బావను తీసుకుపోయారు. తర్వాత వాళ్లూ వీళ్లూ రాజీకి పట్టుబట్టారు గానీ, ఆమె చెప్పింది చెప్పినట్టు కెమెరాలో ఉండడంతో మాట మార్పించలేకపోయారు.

ఆ బొమ్మ ఎటు పోతుంది, ఎవరు చూస్తారు అని నేను పెద్దసారును అడిగింది ఆ తర్వాతే. కోర్టుకు తప్ప బయటికి పోదన్నాడు. ఇప్పుడు ఏ ఆడమనిషి వచ్చినా మెట్ల మీదనే నీళ్లిచ్చి, ముందు ఈ సంగతి చెప్తాను. ఆ పొద్దున అది చెప్పేవాళ్లు మా ఠాణాలో ఒక్కరూ లేరు.

కట్టు విప్పినా లత చూపుడువేలు మడత పడదు. బీడీలు చుట్టి బతికే పిల్ల. ఇప్పుడు ఆకు కత్తిరించి ఇస్తుంది, తల్లి చుడుతుంది.