ఫైబర్ షీటు ముందు సింహాచలం చెవి

కరోనా తగ్గిన ఏడాది వానాకాలంలో నేను నర్సీపట్నం శివారు ఫ్యాక్టరీలో చార్జ్‌మన్‌ని, అంటే ఫోర్‌మన్ కింద షిఫ్టు చూసేవాణ్ని. సింహాచలానిదీ అదే హోదా. ఇద్దరం గొలుగొండ నుంచి ఒకే బస్సులో వచ్చి అప్రెంటిస్‌లుగా చేరినవాళ్లం. ఆ వానాకాలంలోనే ఫోర్‌మన్ కుర్చీ ఖాళీ అయింది. బస్సు తలుపులకు ఫైబర్ షీట్లు కోసే కొత్త ఆర్డరు వచ్చింది. దాని ట్రయల్ ఎవరు నెగ్గిస్తే కుర్చీ వాళ్లదేనని ఫ్యాక్టరీలో అంతా అనుకున్నారు. మేనేజరుగారు ట్రయల్ సింహాచలానికిచ్చి, నన్ను కోత బలం కొలిచే ఫోర్స్ మీటరు దగ్గర కూర్చోమన్నారు. నాకు ఒళ్లు మండిపోయింది.

వాడి చెవికి పెద్ద పేరు. ఇనుము మిల్లింగ్ చేసేటప్పుడు తిరిగే కట్టర్ మొద్దుబారితే మోత మారుతుంది. దాన్ని వాడు గోడ అవతలి నుంచే పసిగట్టేవాడు. కుర్రాళ్లు వాడి చుట్టూ చేరి మెచ్చుకుంటుంటే నాకు టీ కూడా చేదయ్యేది.

ఫైబర్ తీరు వేరు. గాజు పోగులను రెసిన్ అనే జిగురుతో అతికించిన పొరలవి. పోగు ఏ వాలులో ఎదురైతే ఆ వాలును బట్టి కోత బలం మారుతుంది. పైగా గాజు కట్టర్ అంచును ఇట్టే అరగదీస్తుంది. అంచు అరిగినకొద్దీ బలం పెరిగి పైపొర లేచిపోతుంది, మోత మాత్రం ఇనుము దగ్గరలా మారదు. షీటు కింద బిగించిన మీటరు ఆ బలాన్ని స్క్రీన్ మీద గీతగా చూపిస్తుంది.

ట్రయల్ నాడు కస్టమరు మనుషుల ముందు వాడు అలవాటుగా తల వాల్చి మోత వింటున్నాడు, గీత వైపు చూడనేలేదు. వాడెక్కడ తప్పుతాడా అని నేను రెప్ప వేయలేదు. షీటు చివరికొస్తుండగా గీత పైకి పాకింది.

“ఆపరా! కట్టర్ పోయింది, బేగి మార్సు,” అని అరిచాను.

“ఏటి పోయింది? సౌండు బాగానే ఉంది కదరా!” అన్నాడు, కానీ ఆపాడు.

అరిచింది మంచితనంతో కాదు. వాడి చెవి తప్పిందని నలుగురిలో అనగలిగే రోజు కోసం ఏళ్లుగా కాచుకున్నాను. చూస్తే కట్టర్ అంచు గుండ్రంగా అరిగిపోయింది. కొత్తది బిగించాక షీటు పోగు లేవకుండా తెగింది. సరైన సమయానికి ఆపారని కస్టమరు మనుషులు వాడినే మెచ్చుకున్నారు. “ఈడే సెప్పాడండి,” అని వాడు నన్ను చూపించాడు. అది ఇంకా మండించింది. మేనేజరుగారు కుర్చీ వాడికిచ్చి, మీటరు చూడటానికి నన్ను మించినవాడు లేడని చెప్పి, రిటైరయ్యేదాకా నన్ను అక్కడే ఉంచారు.

నేర్చుకున్నది ఇదీ: ఫైబర్ దగ్గర మోతను నమ్మకూడదు, బలాన్ని కొలవాలి. కోసేవాడు ఒకడు, గీత చూసేవాడు ఇంకొకడు ఉండాలి. రెండోవాడికి మొదటివాడంటే గిట్టకపోతే షీటు మరీ భద్రం.