మామ భద్రంగా దాచిన చెవి బిళ్లలు

ఒకప్పుడు మనిషి ఎక్కడికైనా పోవాలంటే తన ముఖాన్ని వెంట తీసుకుపోతే సరిపోయేది. ఇప్పుడు సరిపోవడం లేదు. నల్లగొండలో మా ఆఫీసు గేటు దగ్గర ఒక వాచ్‌మన్ ఉన్నాడు. ఆరేళ్లుగా ఇద్దరం ఒకే బండి దగ్గర చాయ్ తాగుతున్నాం. వాళ్ల పాపకు హాస్టల్ సీటు కోసం దరఖాస్తు రాసిపెట్టింది నేనే. అయినా మెడలో కార్డు లేని రోజున, నన్ను ఈ జన్మలో చూడనట్టు "కార్డు సార్" అంటాడు. (మర్యాదలో మాత్రం లోటుండదు, నాకు ఎక్కువ మండేది దానికే.) ఇంట్లో మరిచిపోయానంటే రిజిస్టర్ తీసి "మీ పేరు?" అని అడుగుతాడు. చెబుతాను. ఇంటిపేరు కూడా అడుగుతాడు. అదీ చెబుతాను. ఆయన మీద కోపగించుకునే హక్కు నాకు లేదని తెలుసు కాబట్టే ఇంకా కోపమొస్తుంది. ఎందుకు లేదో చెప్పాలంటే మా మామ గొర్రెల దగ్గరికి పోవాలి.

తెలంగాణ వచ్చిన కొత్తలో నేను బీకాం పాసై, మోత్కూర్‌లో ఒక బీమా ఆఫీసు తరఫున ఊళ్లు తిరిగి పశువులకు బీమా చేయించే పనిలో చేరాను. గొర్రెకూ మేకకూ తేడా తెలుసు, అంతకుమించి తెలియదు. కానీ నా భుజాన కంపెనీ ఇచ్చిన సంచి ఉండేది, అది వేసుకుంటే తెలియని విషయాలు కూడా నా నోటి నుంచి ధైర్యంగా వచ్చేవి. మొదటి బలి, అంటే మొదటి ఖాతాదారు, మా అమ్మ తమ్ముడు. దగ్గర్లోనే ఊరు, నలభై గొర్రెల మంద. పాలసీ గురించి అరగంట చెప్పిన తర్వాత మామ అడిగింది ఒక్కటే.

"సచ్చినంక పైసలిస్తరు, మంచిదే. సావకుండ ఏమన్న ఇస్తరా?"

"అది డాక్టరు పని మామా, మాది కాదు."

"మల్ల నువ్వెందుకొచ్చినవ్?"

అత్త అడ్డం పడకపోతే నా ఉద్యోగం ఆ వాకిట్లోనే ముగిసేది. "పిలగాడు మొదటిపారి నౌకరి చేస్తుండు, ఇంటి మనిషివి నువ్వే కాదంటే బయటోళ్లు చేయిస్తరా?" అన్నది. అలా మా మామ నా మీద జాలితో బీమా తీసుకున్నాడు. పశువుల దవాఖాన డాక్టరు సారు వచ్చి ఒక్కో గొర్రె చెవికీ నంబరున్న పసుపుపచ్చ ప్లాస్టిక్ బిళ్ల కొట్టాడు. నేను ఒక్కోదాన్నీ బిళ్లతో సహా నా ఫోన్లో ఫొటో తీశాను. (నలభై ఫొటోల్లో ముప్పై దాకా మామ మోచేయి కూడా పడింది.) పోయేముందు, వినియోగదారుడికి అన్నీ విడమరిచి చెప్పాలని శిక్షణలో నేర్పారు గనుక, విడమరిచి చెప్పాను.

"మామా, గీ బిళ్లనే పాణం. గొర్రె పోతే పైసలొస్తయ్, బిళ్ల పోతే ఏం రాదు. ఒక్కటి గూడ పోవద్దు. జర భద్రం."

బిళ్ల చెవికే ఉండాలి అన్న మాట ఒకటి మిగిలిపోయింది. అది కూడా చెప్పాలా అనుకున్నాను. (చెప్పాలి.)

ఆ వానాకాలం మొదట్లో ఒక మధ్యాహ్నం పిడుగు పడి మూడు గొర్రెలు చనిపోయాయి. మూడూ సూడివి, నెలలో ఈనేవి. వంటింటి మీద రేకులు తూట్లు పడి, పొయ్యి మీదికే నీళ్లు కారుతున్నాయి. ఆ మూడింటి పిల్లలు కాస్త ఎదిగితే అమ్మి కొత్త రేకులు వేయించుకోవాలని అత్త ఏడాదిగా ఎదురుచూస్తోంది. మామ ఫోన్ చేసి చెప్పాడు. నేను బాధపడ్డాను, పడలేదని కాదు. కానీ నిజం చెప్పాలంటే, బండి స్టార్ట్ చేస్తుంటే లోపల ఒక మూల సంతోషం కూడా ఉంది. నా కాగితాలకు మొదటిసారి పని పడింది మరి.

మామ అంతా నేను చెప్పినట్టే చేశాడు. పాతిపెట్టలేదు, ఎవరికీ కోతకు ఇవ్వలేదు, డాక్టరుకు వెంటనే కబురు పంపాడు, ఎండ తగలకుండా గొంగడి కప్పాడు. ఇంత పద్ధతిగల ఖాతాదారును ఇచ్చినందుకు నేను కంపెనీ తరఫున గర్వపడుతూ ఉండగా, డాక్టరు సారు వంగి మొదటి గొర్రె చెవి ఎత్తాడు. బిళ్ల ఉండాల్సిన చోట రంధ్రం ఉంది. రెండోదాని చెవి ఎత్తాడు. రంధ్రమే. మూడోది నేను ఎత్తాను, నా చేతికైనా వేరే ఫలితం వస్తుందేమోనని.

"బిళ్లలేవి?" అన్నాడు డాక్టరు.

"ఇంట్ల ఉన్నయ్ సారూ, భద్రంగ," అన్నాడు మామ. ఆ గొంతులో బోలెడంత ధీమా ఉంది. అత్త లోపలికి పోయి సందూక తెరిచి, రేషన్ కార్డు పక్కన గుడ్డలో చుట్టిన మూట తెచ్చింది. విప్పితే గొంగడి ఉన్ని దారానికి గుచ్చిన పసుపు దండ. నలభై బిళ్లలు, ఒక్కటి తక్కువ లేదు.

"ఎందుకు తీసినవయ్యా?"

"కంపల్ల పడి మేస్తయ్ గద సారూ. ముల్లు తగిలి రెండు రాలినయ్, దినమంత దేవులాడి దొరకవట్టుకున్న. గొర్రె పోయినా మంచిదే, బిళ్ల పోవద్దన్నడు మా అల్లుడు. ఇగ ఎందుకొచ్చిన ఫికరని అన్నిటియి కటింగ్ ప్లేరుతోని కోసి దాసిన."

అందరూ నా వైపు చూశారు. (మిగిలిన ముప్పై ఏడు కూడా చూశాయని నా అనుమానం.)

"మరి వీటిల్ల సచ్చినవాటియి ఏవి?" అని డాక్టరు అడిగాడు. మామ దండ మొత్తం ఆయన చేతిలో పెట్టి, "ఏవో మూడు తీస్కోండ్రి సారూ, అన్ని గీ మందవే గదా," అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. "మామా, ఏ బిళ్ల ఏ గొర్రెదో తెల్వాలె!"

"బిళ్లలు నాకెట్ల ఎరుక? గొర్రెలు ఎరుక."

డాక్టరు సారు మంచివాడు. నా ఫోన్ తీసుకుని, బిళ్ల నంబరు మీద బొటనవేలు అడ్డం పెట్టి ఫొటోలు ఒక్కొక్కటే చూపించడం మొదలుపెట్టాడు. "ఇది బొల్లిది, గా గోడ కాడ నిలవడ్డది. ఇది దాని బిడ్డ. ఇది మొండితోకది, దీనికి పొగరు. ఇది..." అని మామ ఆగిపోయి, గొంగడి కింద ఉన్న వాటిలో నడిమి దాన్ని చూపించాడు. అలా మూడు సార్లు ఆగాడు. డాక్టరు వేలు తీసి నంబర్లు చదివాడు, దండలో ఆ మూడూ దొరికాయి. నాకు మాత్రం నలభై ఫొటోలూ ఒకే గొర్రెలా కనిపించాయి.

డాక్టరు ఉన్నదున్నట్టు రాసిచ్చాడు. నేను దానికి తోడు రెండు పేజీల ఉత్తరం జోడించాను, నా బీకాం అంతా అందులో పోశాను. కంపెనీ జవాబు మూడు లైన్లలో వచ్చింది. బిళ్ల చెవికి లేనందున చనిపోయిన జీవం బీమా చేసిన జీవమేనని నిర్ధారించలేకపోతున్నామని, చింతిస్తున్నామని. ఆ మాట మామకు చదివి వినిపించాల్సింది నేనే. "బిళ్ల చెవుకుండాలె మామా, గది రూలు," అన్నాను, సంచి భుజాన సర్దుకుంటూ. సరిగ్గా మా వాచ్‌మన్ గొంతే. అత్త పొయ్యి పక్కన బిందె కొద్దిగా జరిపింది, చుక్కలు దాంట్లోనే పడేలా. ఆ తర్వాత నేను ఎవరికి బీమా చేయించినా "బిళ్ల చెవికే ఉండాలి, రాలితే అదే రోజు దవాఖానకు పోయి మళ్లీ కొట్టించుకోవాలి, ఇంట్లో దాచొద్దు" అని మూడుసార్లు చెప్పేవాణ్ని. జనం నన్ను వింతగా చూసేవారు. ఇంట్లో ఎవరు దాస్తారని.

రేకులు మారడానికి ఇంకో రెండేళ్లు పట్టింది. ఆ భుజం సంచి కుర్రాణ్ని తలుచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది, కొంచెం ముద్దు కూడా వస్తుంది, వానాకాలంలో మాత్రం రాదు.

పోయిన నెల మామ కళ్లు చూపించుకోవడానికి నల్లగొండ వచ్చాడు. ఇద్దరం చాయ్ తాగి గేటు దగ్గరికి వచ్చాం. "కార్డు సార్," అన్నాడు వాచ్‌మన్. మెడ తడుముకున్నాను. తాడు ఊరికే బండి హ్యాండిల్‌కు తట్టుకుంటోందని, పోతుందేమోనని, పొద్దున్నే తీసి పైన ఆఫీసులో నా టేబుల్ సొరుగులో భద్రంగా పెట్టాను.

మామ వాచ్‌మన్‌ను అడిగాడు. "గీ పిలగాడు నీకు ఎరుకేనా?"

"ఎరుకే తాతా. రోజు కలిసి చాయ్ తాగుతం."

"మల్ల?"

"కార్డు లేదు గద."

మామకు కోపం రాలేదు. ఇదంతా తనకు ముందే తెలుసన్నట్టు నిదానంగా తలూపాడు. వాచ్‌మన్ రిజిస్టర్ తీశాడు, నేను పెన్ను అందుకున్నాను. మామ నా ఎడమ చెవి పట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూశాడు.

"మెడకేస్తే ఉంటలేదు గని అల్లుడా, చెవుకే కొట్టిచ్చుకో."