మురుగన్ పటం ముందు పెట్టించిన సంతకాలు

దీన్ని బరువని ఒప్పుకోవడానికే నాకు చాలాకాలం పట్టింది. వృత్తిలో ఇలాంటివి ఉంటాయిలే అనుకుంటూ వచ్చాను. ఇప్పుడు వృత్తి లేదు. అది మాత్రం ఉంది. మీరెవరో నాకు తెలియదు, నేనెవరో మీకు తెలియనక్కర లేదు. అందుకే చెప్పగలుగుతున్నాను.

ఎనభైల మొదట్లో నేను తిరువళ్లూరులో ఒక దినపత్రికకు విలేకరిని. అక్కడి మా తెలుగువాళ్లు నడిపే చిన్న సేవా సంఘానికి కార్యదర్శిని కూడా. ఏటా ఆడికృత్తిక పండగకు తిరుత్తణి మురుగన్ కొండకు మొక్కు కావళ్లు మోసుకొచ్చే జనానికి మంచినీళ్లు అందించడం, మెట్ల పక్కన వెదురు కంచె కట్టి తోపులాట లేకుండా చూడడం మా పని. సేవకు వచ్చేవాళ్లు ఎక్కువగా కడంబత్తూరు చుట్టుపక్కల రైతులు. జీతం లేదు, ఒక పూట పులిహోర తప్ప.

సంఘానికి అధ్యక్షుడు బియ్యం మండీ శెట్టిగారు. ఆ ఏడు ఆయనకు భయం పట్టుకుంది. ఎక్కడో తిరునాళ్లలో గాయపడ్డ మనిషి నిర్వాహకుల మీద కేసు వేశాడని ఎవరో చెప్పారట. సేవకు వచ్చే ప్రతి మనిషి దగ్గరా, నాకేమైనా అయితే సంఘానికి బాధ్యత లేదు అని రాయించుకోవాలన్నాడు. ఆ రాత నా వంతు. రాసింది వకీలుకు చూపించాలి, ఆయన సరేనంటేనే మనుషుల్ని కొండకు పంపాలి.

చూపించాను. తిరువళ్లూరు కోర్టులో వకీలు, నిదానస్తుడు. రెండుసార్లు చదివి పక్కన పెట్టాడు. ఇది మిమ్మల్ని కాపాడదన్నాడు. కంచె సరిగ్గా కట్టకపోతే అది మీ తప్పు, ఎవరి చేత ఏం రాయించుకున్నా మీ తప్పు మీదేనన్నాడు. కాగితం సంగతి వదిలేసి కొత్త వెదుళ్లు కొనండి, ఇన్సూరెన్సు ఏమైనా దొరుకుతుందేమో కనుక్కోండి అన్నాడు.

అప్పటికి పండగ దగ్గర పడింది. ఇంకో సంగతి కూడా ఉంది, అది దాస్తే ఈ రాత కూడా అబద్ధమే అవుతుంది. మా సంఘం ఈసారి మరింతమందిని కొండకు పంపుతోందని నేను ముందే వార్త పంపేశాను. అచ్చయింది కూడా. జరగబోయేదాన్ని జరిగినట్టే రాసేయడం చిన్న ఊళ్ల విలేకర్లకు అలవాటు. తర్వాత ఊరే ఆ వార్తను నిజం చేస్తుంది. ఈసారి నిజం చేయవలసినవాణ్ణి నేనే.

వకీలు సరేనన్నాడని శెట్టిగారికి చెప్పాను. మామూలుగానే చెప్పాను. గొంతు కూడా మారలేదు. కొత్త వెదుళ్ల మాట ఎత్తలేదు. ఎత్తితే వకీలు ఇంకేమన్నాడని అడుగుతాడు.

తర్వాత చేసిన పని ఇంకా చెడ్డది. కాగితాలకు నాలుగు మూలలా పసుపు రాయించాను. శెట్టిగారి మండీలో మురుగన్ పటం ముందు కర్పూరం వెలిగించి, అరవంలో ఉన్న ఆ రాతను తెలుగులో చదివి వినిపించి, ఒక్కొక్కరి చేత సంతకం పెట్టించాను. కొత్త లెక్కల పుస్తకానికి పసుపు పెట్టడం వ్యాపారుల దగ్గర ఉన్నదే కాబట్టి ఎవరికీ వింతగా తోచలేదు. నేనది భక్తితో చేశానా? కోర్టులో నిలబడదని తెలిసిన మాటను దేవుడి ముందు నిలబెడదామన్న ఎత్తు నాకు ముందే ఉందా, లేక అవసరం వచ్చాక అది ఎత్తుగా మారిందా? ఎన్నిసార్లు వెనక్కి వెళ్లి చూసినా తేలదు. తేలకపోవడం కూడా నాకు అనుకూలమే కదా. సంతకం పెట్టిన ప్రతివాడూ పటానికి దండం పెట్టుకుని వెళ్లాడు. అది మాత్రం నేను చూశాను.

పండగనాడు మధ్యాహ్నం మెట్ల మలుపులో కంచె విరిగింది. పాత వెదుళ్లు. దాన్ని పట్టుకుని నిలబడ్డ చెంగల్రాయుడు, మాకు సంతకం పెట్టినవాళ్లలో ఒకడు, కింద పడ్డాడు, అతని మీద జనం పడ్డారు. కుడి మోకాలు నలిగిపోయింది. కడంబత్తూరులో తన పొలం తాను దున్నుకునే మనిషి. ప్రాణం దక్కింది కానీ మోకాలు మళ్లీ వంగలేదు. స్వల్ప తోపులాట, ఒకరికి గాయం అని నేను వార్త పంపాను.

కొన్ని వారాల తర్వాత పళ్లు తీసుకుని అతని ఇంటికి వెళ్లాను. మంచం మీది నుంచే నవ్వాడు.

"రా అన్నా, పేపరాయనా. నా పేరు కూడా ఏయలేదంటనే! కాలిచ్చినా పేరు రాలేదు, తలకాయ ఇచ్చుంటే ఏసుంటావా?"

"నువ్వు సుమ్మా ఉండయ్యా," అంది అతని భార్య మునెమ్మ. నాకు చెంబుతో నీళ్లిచ్చి గడప దగ్గర కూర్చుంది. "అన్నా, మా తమ్ముడు మద్రాసులో ఫ్యాక్టరీకి పోతాడు గదా. దెబ్బ తగిలితే ఆడ నష్టఈడని దుడ్డు ఇస్తారంట. నువ్వూ సంఘాన్ని అడుగు అక్కా అంటాడు. అడగొచ్చునా?"

"సంఘమంటే ఫ్యాక్టరీనా ఏమే?" అన్నాడు చెంగల్రాయుడు. "నేను యాడ కూలికి పోయినాను? స్వామికి పోయినాను."

"నిన్ను అడగలేదు. రేపు దున్నేదానికి మడక నువ్వు పడతావా, నేను పట్టాల్నా?" ఆమె నా వైపు తిరిగింది. "ఆ కాగితం వక్కీలు చూసినాడా అన్నా?"

"చూసినాడమ్మా."

"ఏమన్నాడు?"

"సంతకం పెట్టినాక అడిగేదానికి లేదన్నాడు."

"సరే పో. స్వామి ముందర పెట్టిన చేవ్రాలు. మాట మీరితే బిడ్డలకు తగులుతుంది."

"నేను చెప్తిని గదా," అని చెంగల్రాయుడు గోడవైపు తిరిగాడు.

ఆ రోజు నిజం చెప్పి ఉంటే ఏమయ్యేది? సంఘంలో నా పరువు పోయేది. బహుశా అంతే. శెట్టిగారు పిరికివాడే కానీ చెడ్డవాడు కాడు, బాధ్యత మనదేనని వకీలు అన్నాడంటే ఇచ్చి ఉండేవాడు. ఇవ్వనంటే కోర్టు ఉంది. రెండు దారులకూ అడ్డంగా నేను కూర్చున్నాను, ఆమె ఇచ్చిన నీళ్లు తాగుతూ.

వాళ్లు పొలం ముందు గుత్తకిచ్చారు, తర్వాత అమ్మేశారు. ఒకసారి ఏదో వార్త కోసం తిరుత్తణి వెళుతుంటే కడంబత్తూరు దగ్గర రైలు నెమ్మదించింది. పట్టాల పక్కనే ఆ పొలం. మునెమ్మ కూలివాళ్ల వరసలో వంగి నాట్లు వేస్తోంది. నేను కిటికీ దగ్గర నుంచి లేచి అవతలి వైపు కూర్చున్నాను.

చెంగల్రాయుడు పోయాడు. శెట్టిగారూ పోయారు. మునెమ్మ ఉందని విన్నాను. ఆమెకు చెప్పవచ్చు. దేవుడికిచ్చిన మాట నిలబెట్టుకున్నానన్న తృప్తి ఒక్కటైనా ఆమెకు మిగిలింది, అదీ ఎందుకు లాక్కోవడం అని ఇన్నాళ్లూ నాకు నేను చెప్పుకున్నాను. ఈ వాదన నాకు మరీ సుఖంగా ఉంది. అందుకే దాన్ని నమ్మను. నమ్మకపోయినా ఆమె దగ్గరికి వెళ్లలేదు.

మన్నించమని మిమ్మల్ని అడగను. అది మీ చేతిలో లేదు. జరిగింది ఇది: ఆ కాగితం చెల్లదని వకీలు చెప్పాడు. చెల్లుతుందని నేను మునెమ్మకు చెప్పాను. ఇంతకాలం ఈ రెండు వాక్యాలను పక్కపక్కన రాయలేకపోయాను. ఇప్పుడు రాశాను. కాస్త ఊపిరి ఆడుతోంది.