మూసిన ఈతకొలనులో వెచ్చని నీళ్ళు

మా పక్కింటి బెరిల్ ఓల్డ్‌రాయిడ్ రొట్టె కొన్నా తిరగేసి అడుగు చూస్తుంది. గ్యాస్ మీటరు చూడటానికి ఎవరైనా వస్తే వాడి భుజం మీంచి తనూ తొంగి చూస్తుంది. టీవీలో ఆర్థికమంత్రి బడ్జెట్ చదువుతుంటే శబ్దం తీసేసి మొహం ఒక్కటే చూస్తుంది. "మాటలు వింటే పడిపోతాం పిల్లా. కళ్ళు ఎటు తిరుగుతున్నాయో చూడు," అంటుంది నాతో. మా ఊరు కెల్డర్‌ఫోల్డ్ కొండదారుల్లో రిటైరయ్యేదాకా బస్సు నడిపిన మనిషి.

ఈ అనుమానం ఆమెకి పుట్టుకతో వచ్చింది కాదు. కొన్నేళ్ళ కిందట మా కౌన్సిల్ ఇంటిపన్ను పెంచుతూ, ఆ డబ్బుతో ఊరి ఈతకొలనుని నిలబెడతామంది. బెరిల్ నమ్మింది. వానలో సంతవీధిలో నిలబడి, "పెంచనివ్వండర్రా, మన పిల్లలు ఈత నేర్చుకోవద్దూ?" అని వచ్చేపోయేవాళ్ళని బతిమాలింది. పన్ను పెరిగింది. మరుసటి చలికాలం కొలను తలుపు మీద 'తాత్కాలికంగా మూసివేత' అని కాగితం అంటించారు. కాగితం మీది అక్షరాలు వెలిసిపోయాయిగానీ తలుపు తెరుచుకోలేదు. "ఏం బెరిల్, ఈతకేనా?" అని మాంసం కొట్టువాడు కూడా ఆమెని ఏడిపించేవాడు. ఆమె మాత్రం నవ్వేది కాదు.

మళ్ళీ పన్ను పెంచుతామని కబురు వచ్చింది. ఈసారి పెంచేది మామూలుకంటే చాలా ఎక్కువ. అంత పెంచాలంటే ఊరంతా ఓటేసి ఒప్పుకోవాలని పైనుంచి రూలు. ఒప్పుకోకపోతే ముసలివాళ్ళని పగటిపూట చూసుకునే డే సెంటర్‌కి కోత తప్పదన్నారు. బెరిల్ మొగుడు నార్మన్‌కి మతిమరుపు జబ్బు. రోజూ పొద్దున్నే సెంటర్ బండి వచ్చి తీసుకెళ్తుంది. అక్కడ వేడి భోజనం పెడతారు, డామినోలు ఆడిస్తారు, గోళ్ళు తీస్తారు. ఆ కాసేపే బెరిల్ ఊపిరి పీల్చుకునేది.

ఓటు అడగడానికి కౌన్సిలర్ ఫిలిప్ గార్‌సైడ్ వచ్చినప్పుడు నేను వాళ్ళ వంటగదిలోనే ఉన్నాను. బెరిల్ అతన్ని లోపలికి రమ్మనలేదు.

"బెరిల్ గారూ, మీకు వేరే చెప్పాలా? నార్మన్ గారి సంగతి..."

"ఆయన్ని అడ్డం పెట్టుకుని అడక్కు ఫిలిప్. నువ్వు స్కూలుకెళ్ళే రోజుల్నించీ చూస్తున్నా. నా బస్సులో టికెట్ లేనప్పుడల్లా ఇదే మొహం పెట్టేవాడివి."

"పెంచకపోతే ఎక్కణ్ణించి తేవాలండీ? లండన్ నుంచి ప్రభుత్వం ఇచ్చే డబ్బు ఏటేటా తగ్గిపోతోంది."

"కిందటిసారి పెంచింది ఎటు పోయింది?"

"ఖర్చులు పెరిగాయి..."

"ఎటు పోయిందీ అంటున్నా."

ఫిలిప్ చేతిలో కరపత్రం గుమ్మం మీద పెట్టి వెళ్ళిపోయాడు. ఆమె దాన్ని వెలుతురుకి ఎత్తిపట్టి అటూ ఇటూ చూసింది, ఇంకేదో దాచినట్టు.

నార్మన్ చెల్లెలు ఐవీకి ఇది తెలిసి మండిపడుతూ వచ్చింది. "నీ పంతం కోసం సెంటర్‌లో మా అన్న కుర్చీ పోగొడతావా వదినా? నీకు మనసనేది ఉందా?"

"మూస్తామని బెదిరించేదీ వాళ్ళే, తెరిచి ఉంచుతామనేదీ వాళ్ళే. ఏది నమ్మమంటావు?"

"ఏదో ఒకటి నమ్మాలి కదా!"

"నమ్మాను ఒకసారి. వానలో నిలబడి మరీ నమ్మాను."

శనివారం మధ్యాహ్నం చర్చి హాల్లో సభ పెట్టారు. టీ, బిస్కెట్లు, ముందు వరుసలో ఫిలిప్. అందరూ ఆస్పత్రుల గురించీ, రోడ్ల గుంతల గురించీ, పెద్ద కంపెనీలు పన్ను ఎగ్గొట్టడం గురించీ అరిచారు. బెరిల్ లేచి ఒకే ఒక్కటి అడిగింది. "మూసేసిన ఈతకొలను అద్దాలకి చలికాలంలో ఆవిరెందుకు పడుతోంది?"

హాలంతా నవ్వింది. ఎవడో "దయ్యాలు స్నానం చేస్తున్నాయి!" అన్నాడు.

"అక్కడ ఏమీ లేదండీ," అన్నాడు ఫిలిప్.

"అయితే తెరిచి చూపించు."

అందరి ముందూ కాదనలేకపోయాడు. మరుసటి వారం తాళాలతో వచ్చాడు, వెంట ఆ భవనం చూసుకునే డెస్మండ్. ఆ రోజు సెంటర్‌కి సెలవు; నార్మన్‌ని ఒంటరిగా వదల్లేక బెరిల్ తనతోనే తెచ్చింది. నేనూ వెళ్ళాను. తలుపు తెరవగానే ఆ పాత క్లోరిన్ వాసన మొహానికి కొట్టింది. లోపల కొలను నిండా నీళ్ళు. నీలంగా, తేటగా, ఒక్క ముడత లేకుండా. బెరిల్ వంగి చెయ్యి ముంచింది.

"వెచ్చగా ఉన్నాయి," అంది.

డెస్మండ్ ఇబ్బందిగా తల గోక్కున్నాడు. "తోడేస్తే కింద ఊటనీరు తన్ని తొట్టి బీటలు వారుతుందమ్మా. అందుకని నింపే ఉంచుతాం. గొట్టాలు గడ్డకట్టకుండా కాస్త సెగ పెడతాం. నీళ్ళు పాడవకుండా మందు వేస్తాం. పైవాళ్ళు నన్ను చెయ్యమన్నది ఇదే."

"ఇన్నేళ్ళుగానా?"

"ఇన్నేళ్ళుగానే."

బెరిల్ ఫిలిప్ వైపు తిరిగింది. "అంటే నీళ్ళని ఉంచుకుని మనుషుల్ని పంపేశారన్నమాట."

ఫిలిప్ మొహం తెల్లబోయింది. "నిజంగా నాకు తెలీదండీ."

"కౌన్సిల్లో కూర్చునేవాడివి, నీకే తెలీదా?"

"ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు."

ఆమె అతని కళ్ళలోకి చాలాసేపు చూసింది, అబద్ధం ఎక్కడ దాక్కుందో అని. ఈలోగా వెనక చప్పుడైంది. నార్మన్ బూట్లు విప్పేసి, మేజోళ్ళు మడిచి పక్కన పెట్టి, గట్టు మీద కూర్చుని కాళ్ళు నీళ్ళలో పెట్టాడు. ఆయన ఈత నేర్చుకున్నది అక్కడే. "ఇవాళ జనం లేరేంటి బెరిల్?" అని అడిగాడు. ఆమె పేరు ఆయన నోట విని ఎన్నాళ్ళయిందో. ఆమె పక్కన చతికిలపడి, ఆయన పంట్లాం అంచులు మోకాళ్ళ దాకా మడిచింది.

ఈ సంగతి సాయంత్రానికల్లా ఊరంతా పాకింది. మూసిన కొలనుకి వేడినీళ్ళు కాస్తున్నారట అని అందరూ మండిపడ్డారు. ఓటు రోజున పెంపు ఓడిపోయింది, బాగా ఓడిపోయింది. మర్నాడు పన్నుల వ్యతిరేక సంఘం తరఫున ఒకాయన పూలగుత్తితో బెరిల్ గుమ్మం ముందు నిలబడ్డాడు, పక్కన ఫొటోలు తీసేవాడితో. "ప్రజల విజయమండీ! మీరే మా ధైర్యం!"

"మీదే ఊరు నాయనా?"

ఆయన చెప్పిన ఊరు ఇక్కడికి గంటన్నర దూరం.

"అక్కడి డే సెంటర్ నడుస్తోందా?"

"అది... నేనెప్పుడూ గమనించలేదండీ."

"గమనించి రా," అని తలుపేసింది. పూలు గుమ్మం మీదే వాడిపోయాయి.

కోత మాత్రం ఉత్త బెదిరింపు కాదు. సెంటర్ వారానికి రెండు రోజులకి తగ్గింది. మిగతా రోజులు నార్మన్ కోటు వేసుకుని, బండి కోసం కిటికీ దగ్గర నిలబడేవాడు. ఐవీ దారిలో ఎదురైనా మొహం తిప్పుకునేది. బెరిల్ చిక్కిపోయింది.

ఫిలిప్ మాత్రం కొలను సంగతి వదల్లేదు. కౌన్సిల్లో పోట్లాడి, ఊరివాళ్ళే కాపలా ఉండి నడుపుకుంటామంటే గురువారాలు తెరవడానికి ఒప్పించాడు. ఆ మాట చెప్పడానికి వచ్చినప్పుడు బెరిల్ అతనిచేత మూడుసార్లు చెప్పించుకుంది. "ఇందులో నీకేంటి లాభం?" అని కూడా అడిగింది. అయినా మొదటి గురువారం తలుపు తీసేసరికి అందరికంటే ముందు నార్మన్ చెయ్యి పట్టుకుని నిలబడింది. ఐవీ కూడా వచ్చింది. వదినతో మాట్లాడలేదుగానీ అన్న మేజోళ్ళు తనే విప్పింది.

ఆ రోజు గట్టు మీద కూర్చున్నప్పుడు, ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్నది అడిగేశాను. "ఊరంతా నీవల్లే పెంపు ఓడిపోయిందంటున్నారు. ఇంతకీ నువ్వు కాదనేగా వేసింది?"

ఆమె చుట్టూ చూసి గొంతు తగ్గించింది. "అవుననే వేశాను."

"వాళ్ళని నమ్మావా!"

"నమ్మడమా? కాదన్నా వాళ్ళు ఆ నీళ్ళే కాస్తారు, ఈయన కుర్చీయే తీసేస్తారు. ఓటు పెట్టె దగ్గరికెళ్ళాక నీళ్ళలో ఈయన కాళ్ళు గుర్తొచ్చాయి, చెయ్యి 'అవును' వైపు పోయింది." నా మోచెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఫిలిప్‌తో మాత్రం అనకు పిల్లా. తెలిస్తే మళ్ళీ ఓటు అడుగుతాడు."