సుక్కలావు, మాలతి ప్రోగ్రాం

మాలతిని ఎవురేమన్నా అంటే నాకు ఒళ్లు మండుతాది. పుంగనూరు పాలకేంద్రంలో పదేండ్లు ఆయమ్మ పక్కనే కూర్చోని పని చేసినాను. నా పేరు అక్కమ్మ.

తొంబై మూడులో మాలతి మదనపల్లెలో కంప్యూటర్ నేర్చుకోనొచ్చి, క్లిప్పర్ అనే భాషలో ఒక ప్రోగ్రాం రాసింది. ఏ ఆవుకు చూలు కోసం సూది ఎప్పుడేసినారు, ఏది చూలు, ఎప్పుడీనుతాది, అన్నీ దాంట్లోనే. రైతు పేరు, ఆవు పేరు కొడితే చాలు.

రెండువేల నాలుగులో కొత్త కంప్యూటర్లొచ్చినాయి. వాటిల్లో ఆ ప్రోగ్రాం తెరిస్తే తప్పు చూపించి మూసుకుంటా పోయె.

"బెంగళూరోళ్ల సాఫ్ట్‌వేర్ వస్తాండాది. సోమవారం నుంచి నీది తీసేస్తాము మాలతమ్మా" అన్యాడు మేనేజరు నాగేంద్ర.

"యాల తీస్తారు సార్? నా భాష పాతదైతే ఆవులు ఈనేది మానేస్తాయా?"

శనివారం మాలతి కుప్పం బస్సెక్కింది. ఆడ కాలేజీలో పనిచేసే చెల్లెలు అనూష ఇంటర్నెట్టులో ఒక కంపైలర్ వెతికి పెట్టింది. పాత క్లిప్పర్ రాతనే కొత్త కంప్యూటర్‌లో నడిచేటట్టు చేస్తాదంట. మొదటిసారి నలభై తప్పులు చూపించింది. రెండు దినాలు కూర్చోని ఒకొకటే సరిజేసింది మాలతి. మొండిది అంటే అట్లా ఉండాల!

సోమవారం బెంగళూరాయన తన సాఫ్ట్‌వేర్ చూపిస్తాండంగా చౌడేపల్లె తిమ్మక్క పరిగెత్తుకుంటా వచ్చింది.

"అమ్మా, మాకు రెండావులు. డాక్టరు చూలని చెప్పింది దేన్నో మా ఆయన మరిచేపోయినాడు. సుక్కలావు గొడ్డుపోయిందని సంతకు తోలుతాండాడు!"

"చెవి బిళ్ల నంబరు చెప్పండి" అన్యాడు బెంగళూరాయన.

"అది కంచెకు తగులుకోని తెగిపోయింది నాయనా."

"నంబరు లేకుంటే ఏం చెప్పలేం."

మాలతి పక్క కంప్యూటర్‌లో తన ప్రోగ్రాం తెరిచింది. తిమ్మక్క, సుక్కలావు అని కొట్టింది. ఈతూరి ప్రోగ్రాం మూసుకోలేదు.

"చూలు సుక్కలావే తిమ్మక్కా. నాలుగో నెల. సంతకు తోలితే మీ ఆయన కాళ్లు విరగ్గొట్టు!"

తిమ్మక్క వచ్చిన దావనే పరిగెత్తింది. నాగేంద్ర గొంతు సవరించుకోని, "సరే, మాలతమ్మది ఉండనీ" అన్యాడు.

అయిదు నెలలకు తిమ్మక్క గిన్నె నిండా జున్ను తెచ్చింది. మాలతి మొదటి ముక్క నాగేంద్రకే ఇచ్చింది.

"తినండి సార్. పాత భాషలో ఈనిన ఆవుదే."